మెయిన్‌ఫ్రేమ్ మీద లినక్స్: కొత్త కెర్నెల్, పాత చిరునామా

ఐపీఎల్ అనగానే మన జనానికి గుర్తొచ్చేది క్రికెట్టే. 2008లో మొదలైన ఆ ఐపీఎల్ కంటే నలభై నాలుగేళ్ళ ముందే ఇంకో ఐపీఎల్ ఉంది. ఇనీషియల్ ప్రోగ్రామ్ లోడ్ అని దాని పూర్తి పేరు. మనం బూట్ అంటామే, దాన్నే ఐబీఎమ్ మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళు ఇప్పటికీ అలా పిలుస్తారు. "సర్వర్ రీబూట్ చేశావా" అని అడగరు, "ఐపీఎల్ చేశావా" అంటారు. కొత్తగా టీములో చేరిన కుర్రాడు ఏ మ్యాచ్ గురించో అనుకుని తెల్లమొహం వేస్తాడు :-)

ఈ టపా ఆ పాత ఐపీఎల్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, మెయిన్‌ఫ్రేమ్ మీద నడిచే లినక్స్‌లో కెర్నెల్ ప్యాకేజీ మార్చడం ఎందుకంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాల్సిన పనో, ఆ జాగ్రత్తకి మూలం చరిత్రలో ఎక్కడుందో చెప్పాలని. ఏ కమాండ్ కొట్టాలో మాన్యువల్లో ఉంటుంది. ఎందుకు కొట్టాలో మాత్రం చరిత్రలో ఉంటుంది. ఆ 'ఎందుకు' తెలియనివాడు అన్నీ సవ్యంగా జరిగినంత కాలం బాగానే నెట్టుకొస్తాడు. తేడా వచ్చిన రోజు మాత్రం చేతులెత్తేస్తాడు. నా ఉద్యోగంలో సగం ఈ యంత్రాల మీద లినక్స్‌ని చూసుకోవడమే కాబట్టి ఈ తేడా దగ్గర్నుంచి చూస్తూనే ఉన్నాను.

ముందు 1964కి వెళ్దాం. ఆ ఏడాది ఏప్రిల్ 7న ఐబీఎమ్ సిస్టమ్/360ని ప్రకటించింది. అప్పటిదాకా చిన్న కంప్యూటర్ మార్చి పెద్దది కొంటే ప్రోగ్రాములు మళ్ళీ రాసుకోవాల్సి వచ్చేది. 360 వచ్చి, చిన్నదానికి రాసింది పెద్దదాని మీదా నడుస్తుందని మాటిచ్చింది. జీన్ ఆమ్డాల్, ఫ్రెడ్ బ్రూక్స్ లాంటి వాళ్ళు నిలబెట్టిన ఆ మాట మీదే ఈనాటి జెడ్ సిరీస్ యంత్రాలు కూడా నిలబడి ఉన్నాయి. అంటే అప్పటి సుగుణాలతో పాటు అప్పటి అలవాట్లు కూడా మనకి వారసత్వంగా వచ్చేశాయన్నమాట.

వాటిలో ఒకటి ఈ ఐపీఎల్. 360 ముందు ప్యానెల్ మీద మూడు గుండ్రటి స్విచ్చులుండేవి. ఏ పరికరం నుంచి లోడ్ చేయాలో దాని అడ్రసు వాటితో పెట్టి, లోడ్ బటన్ నొక్కాలి. అది కార్డ్ రీడర్ కావచ్చు, టేపు కావచ్చు, డిస్కు కావచ్చు, యంత్రానికి ఆ పట్టింపు లేదు. ఆ పరికరాన్ని అది అడిగేది 24 బైట్లు మాత్రమే. ఆ ఇరవై నాలుగూ మూడు ఎనిమిదులు. మొదటి ఎనిమిదిలో, చదవడం అంతా అయ్యాక పని ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో ఉంటుంది. దాన్ని ప్రోగ్రామ్ స్టేటస్ వర్డ్ అంటారు, పొట్టిగా పీఎస్‌డబ్ల్యూ. మిగతా రెండు ఎనిమిదుల్లో ఇంకా ఏమేం చదివి మెమరీలో ఎక్కడ పెట్టాలో చెప్పే ఛానెల్ కమాండ్లు ఉంటాయి. ఆ కమాండ్లు ఇంకొన్ని కమాండ్లని చదువుకొస్తాయి, అవి ఇంకొన్నిటిని. చివరికి పీఎస్‌డబ్ల్యూ చెప్పిన చోటికి యంత్రం దూకుతుంది. అంతే, ఐపీఎల్ అయిపోయింది.

గమనించారా? ఈ కథలో 'ఫైలు' అన్న మాటే రాలేదు. ఫలానా పరికరం, ఫలానా చోటు, ఇన్ని బైట్లు. ఇదే యంత్రానికి తెలిసిన భాష. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతా టపా అంతా దీని మీదే అల్లుకుని ఉంటుంది.

ఇప్పుడు రెండో మలుపు. 1960లలో ఐబీఎమ్ వాళ్ళ కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్లో కొంతమంది ఒక వింత పని చేశారు. ఒకే యంత్రాన్ని చాలామందికి పంచడానికి ప్రతి ఒక్కరికీ ఓ పూర్తి యంత్రం ఉన్న భ్రమ కల్పించారు. అదే వర్చువల్ మెషీన్. సీపీ-67 అనే పేరుతో పెరిగి, 1972లో వీఎమ్/370గా బజార్లోకి వచ్చింది. ఇప్పటి జెడ్/వీఎమ్ దాని వారసుడే. పూర్తి యంత్రం అన్నాక దానికి కార్డ్ రీడర్ ఉండాలి, కార్డులు పంచ్ చేసే యంత్రం ఉండాలి, ప్రింటర్ ఉండాలి కదా. అవి కూడా ఇచ్చారు, అన్నీ ఊహలోనే. ఆనవాయితీగా రీడర్ అడ్రసు 00సి, పంచ్ 00డి, ప్రింటర్ 00ఇ. అసలు కార్డులు మ్యూజియంలకి చేరినా ఈ ఊహా కార్డులు మాత్రం ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. వీటి అవసరం ఎక్కడ పడుతుందో కాసేపట్లో చెప్తాను.

మూడో మలుపు 1999. ఆ ఏడాది మెయిన్‌ఫ్రేమ్ అన్న మాటకి మన దగ్గర ఉన్న విలువ అంతా ఇంతా కాదు. అమీర్‌పేట గోడల నిండా కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ బోర్డులే. రెండు అంకెల సంవత్సరాలని నాలుగు చేయడానికి మనవాళ్ళు ఎంతమంది విమానాలెక్కారో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ప్రపంచమంతా డిసెంబర్ 31 అర్ధరాత్రి కోసం బిక్కుబిక్కుమంటూ చూస్తుంటే, సరిగ్గా పదమూడు రోజుల ముందు, డిసెంబర్ 18న, ఐబీఎమ్ చడీచప్పుడు లేకుండా ఒక పని చేసింది. 2.2.13 కెర్నెల్‌కి ఎస్/390 ప్యాచ్‌లు బయట పెట్టింది. జర్మనీలోని బోబ్లింగెన్ ల్యాబ్ ఇంజినీర్లు చేసిన పని అది. అంతకుముందే లినాస్ వెప్‌స్టాస్ అనే ఆయన బిగ్‌ఫుట్ పేరుతో ఇదే ప్రయత్నం సొంతంగా మొదలెట్టాడు గానీ, ఐబీఎమ్ కోడ్ వచ్చాక అది ఆగిపోయింది. న్యూయార్క్ రాష్ట్రంలోని మారిస్ట్ కాలేజీ కొత్త పోర్టుకి ఇల్లు ఇచ్చింది.

ఆ తర్వాత చకచకా జరిగిపోయాయి. 2000లో డేవిడ్ బోయ్స్ అనే ఆయన ఒకే మెయిన్‌ఫ్రేమ్ మీద వీఎమ్ కింద 41,400 లినక్స్‌లని లేపి చూపించాడు. అన్నిటితో పని చేయించడానికి కాదు, ఎక్కడిదాకా వెళ్తుందో చూద్దామని. అదే ఏడాది లినక్స్‌కి మాత్రమే వాడుకునే ఐఎఫ్‌ఎల్ అనే ప్రాసెసర్‌ని ఐబీఎమ్ తక్కువ ధరకి ఇవ్వడం మొదలెట్టింది. ఆ ఏడాది చివర్లోనే సూసే వాళ్ళ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ ఎస్/390కి వచ్చింది. 2002లో డెబియన్ 3.0 కూడా చేరింది. ఇలా ఒక ఫిన్లాండ్ విద్యార్థి తన పీసీ కోసం రాసుకున్న కెర్నెల్, కార్డ్ రీడర్ కోసం పుట్టిన పద్ధతిలో ఐపీఎల్ అవ్వాల్సి వచ్చింది. అసలు చిక్కంతా ఇక్కడే మొదలైంది.

లినక్స్ కెర్నెల్ ఒక ఫైలు. బూట్ డైరెక్టరీలో మిగతా ఫైళ్ళ మధ్య ఉంటుంది. యంత్రానికేమో ఫైలంటే తెలియదు. ఈ ఇద్దరికీ మధ్య రాయబారం నడపడానికి పుట్టిందే జెడ్‌ఐపీఎల్ అనే ప్రోగ్రామ్. అది ఏం చేస్తుందంటే, కెర్నెల్ ఫైలు, ఇనిట్‌ఆర్‌డీ ఫైలు, కెర్నెల్‌కి ఇవ్వాల్సిన పారామీటర్లు డిస్కు మీద ఏయే బ్లాకుల్లో ఉన్నాయో వెతికి, ఆ బ్లాకుల జాబితాని డిస్కు మొదట్లో యంత్రానికి అర్థమయ్యే భాషలో రాసి పెడుతుంది. ఐపీఎల్ అప్పుడు యంత్రం ఆ జాబితా పట్టుకుని బ్లాకులు చదువుకుంటూ పోతుంది.

పీసీల మీద లినక్స్‌ని మొదట్లో వాడినవాళ్ళకి ఇది లైలో రోజుల్ని గుర్తు చేస్తుంది. 1992లో వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ మొదలెట్టిన లైలో కూడా ఇదే పద్ధతి. కెర్నెల్ మారిస్తే లైలో మళ్ళీ నడపాలి, మర్చిపోతే అంతే సంగతులు. తర్వాత గ్రబ్ వచ్చింది. దానికి ఫైల్‌సిస్టమ్ చదవడం వచ్చు కాబట్టి బూట్ అయ్యేటప్పుడే ఫైలుని పేరుతో వెతుక్కుంటుంది. మా తరం నేర్చుకున్న లినక్స్ అంతా గ్రబ్ లినక్సే. అందుకే ఈ జాబితా వ్యవహారం మాలో చాలామందికి తెలియదు.

తేడా మన భాషలో చెప్పాలంటే ఇలా. గ్రబ్ అనేది ఊళ్ళోకి వచ్చి "సుబ్బారావుగారిల్లు ఎక్కడండీ" అని అడిగి తెలుసుకునే మనిషి. సుబ్బారావుగారు ఇల్లు మారినా ఇబ్బంది లేదు, ఎవరో ఒకరు చూపిస్తారు. జెడ్‌ఐపీఎల్ చీటీ పట్టుకుని వచ్చే మనిషికి డోర్ నంబర్ తప్ప ఇంకేం తెలియదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నా సుబ్బారావనుకుని పిలుచుకుపోతాడు. ఇల్లు మారినప్పుడల్లా చీటీ మళ్ళీ రాసివ్వాల్సిన బాధ్యత మనది.

ఇప్పుడు ప్యాకేజీ దగ్గరికొద్దాం. ఆర్‌పీఎంతో కెర్నెల్ వేసేటప్పుడు చిన్న 'ఐ' ఆప్షన్ ఇస్తే కొత్తది పాతదాని పక్కన చేరుతుంది. పెద్ద 'యు' ఇస్తే కొత్తది చేరి పాతది పోతుంది. మిగతా ప్యాకేజీలన్నిటికీ 'యు' మంచిదే. కెర్నెల్‌కి మాత్రం 'ఐ' వాడమని రెడ్ హ్యాట్ పాత మాన్యువళ్ళలో ప్రత్యేకంగా చెప్పేవాళ్ళు. కొత్తది లేవకపోతే వెనక్కి వెళ్ళడానికి పాతది ఉండాలి కదా అన్నది అందరికీ తెలిసిన కారణం. ఇంకో సంగతి కూడా ఉంది. పాత ప్యాకేజీ పోతే దాని మాడ్యూళ్ళ డైరెక్టరీ కూడా పోతుంది. అప్పటికి నడుస్తున్నది ఇంకా పాత కెర్నెలే. దానికి ఆ తర్వాత ఏదైనా కొత్త మాడ్యూల్ అవసరమైతే కూర్చోవడానికి కొమ్మ ఉండదు.

మెయిన్‌ఫ్రేమ్ మీద వీటికి చీటీ గొడవ తోడవుతుంది. 'ఐ'తో వేసి జెడ్‌ఐపీఎల్ నడపడం మర్చిపోయారనుకోండి. ఐపీఎల్ చేస్తే సిస్టమ్ చక్కగా లేస్తుంది, కాకపోతే పాత కెర్నెల్‌తో! ఏమీ విరగలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఏ సెక్యూరిటీ రంధ్రం పూడ్చడానికి ప్యాకేజీ వేశారో ఆ రంధ్రం మాత్రం అలాగే ఉంటుంది. అదే 'యు'తో వేసి మర్చిపోతే ఇంకా దారుణం. పాత ఫైలు పోయింది గానీ దాని బ్లాకుల్లో డేటా వెంటనే చెరిగిపోదు. వాటి మీద ఇంకో ఫైలు పడేదాకా చీటీ పట్టుకెళ్ళిన యంత్రానికి పాత కెర్నెల్ దొరుకుతూనే ఉండొచ్చు. అంటే లేని ఫైలు నుంచి సిస్టమ్ లేస్తుంది. ఆ బ్లాకుల్లోకి ఏ ఇనిట్‌ఆర్‌డీ ముక్కో వచ్చి కూర్చున్న తర్వాత ఒక రోజు ఐపీఎల్ చేస్తే, "డిజేబుల్డ్ వెయిట్ పీఎస్‌డబ్ల్యూ" అని ఒక్క లైను చూపించి కన్సోల్ మౌనవ్రతం పట్టొచ్చు. ప్యాచ్ చేసిన రోజుకీ పడిపోయిన రోజుకీ మధ్య నెలలు గడిచి ఉండొచ్చు. కారణం ఎవరికి తడుతుంది చెప్పండి?

సూసే పాత వెర్షన్లలో ఇంకో తమాషా ఉండేది. కాన్ఫిగరేషన్ ఫైల్లో కెర్నెల్ పేరు వెర్షన్‌తో కాకుండా 'ఇమేజ్' అనే లింకుతో ఉండేది. కెర్నెల్ మారితే లింకు కొత్తదాని వైపు తిరుగుతుంది, కాన్ఫిగరేషన్‌లో అక్షరం కూడా మారదు. "ఏమీ మారలేదు కదా, ఇంకేం చేయాలి" అనిపిస్తుంది. పేరు మారలేదు నిజమే, డోర్ నంబర్ మారింది. కెర్నెల్ ముట్టుకోకుండా ఇనిట్‌ఆర్‌డీ ఒక్కటి మళ్ళీ తయారు చేసినా ఇదే కథ.

అందుకే ఈ యంత్రాల మీద "ఏ కెర్నెల్ ఉంది" అన్న ప్రశ్నకి మూడు జవాబులుంటాయి, మూడూ నిజాలే. ప్యాకేజీల డేటాబేస్ ఒకటి చెప్తుంది: ఏది ఇన్‌స్టాల్ అయిందో. యూనేమ్ ఒకటి చెప్తుంది: ఇప్పుడు ఏది నడుస్తోందో. డిస్కు మీది బూట్ రికార్డుకి ఒకటి తెలుసు: రేపు ఏది లేస్తుందో. సురక్షితంగా అప్‌డేట్ చేయడం అంటే నా దృష్టిలో ఈ మూడు జవాబుల్నీ ఒకటి చేయడమే. మిగతాదంతా దానికి తయారీ.

ఇది పుస్తకాల్లో కబురు కాదు. పేరెందుకులెండి, ఒక క్లయింటు దగ్గర ఆడిట్‌కి ముందు సర్వర్ల జాబితా తీశాం. ప్యాచ్ రిపోర్టు అంతా పచ్చగా ఉంది. మా సీనియర్ ఒకాయన మాత్రం "రిపోర్టు సరే, యూనేమ్ కూడా పక్కన పెట్టు" అన్నారు. పెట్టి చూస్తే కొన్ని సర్వర్లు నెలల వెనకటి కెర్నెల్ మీదే ఉన్నాయి. మధ్యలో వాటిని రీబూట్ చేసినట్టు రికార్డు కూడా ఉంది. తవ్వితే తేలిందేంటంటే, వాటిలో బూట్ పార్టిషన్ నిండిపోయింది. కొత్త ఇనిట్‌ఆర్‌డీ సగంలో ఆగింది, దాంతో జెడ్‌ఐపీఎల్ పని కూడా పూర్తి కాలేదు. ఇలా ప్యాకేజీ చివర్లో నడిచే స్క్రిప్టు ఫెయిలైతే ఆర్‌పీఎం ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది, దాని లెక్కలో ప్యాకేజీ పడిపోయినట్టే. ఆ హెచ్చరిక వందల లైన్ల లాగ్‌లో ఎక్కడో ఉంది. చదివినవాళ్ళు లేరు. ఆ సర్వర్ల వెనక జనం డబ్బు లెక్కలున్నాయి. పచ్చ రంగు చూసి అందరం నిశ్చింతగా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

"ఇవన్నీ ఇప్పుడు ఆటోమేటిక్ కదా" అంటారా? నిజమే, చాలావరకు. రెడ్ హ్యాట్ వాళ్ళు కెర్నెల్ ప్యాకేజీ వెంటే జెడ్‌ఐపీఎల్ నడిపే ఏర్పాటు చేశారు. యమ్, ఆ తర్వాత డీఎన్‌ఎఫ్, కెర్నెల్‌ని 'ఐ' పద్ధతిలోనే వేస్తాయి, మామూలుగా మూడు కెర్నెళ్ళు ఉంచి అంతకంటే పాతవి తీసేస్తాయి. సూసే వాళ్ళది ఇంకా విచిత్రం. 2014లో వచ్చిన ఎంటర్‌ప్రైజ్ 12లో, జెడ్‌ఐపీఎల్ ముందు ఓ చిన్న లినక్స్‌ని లేపుతుంది. దాని మీద గ్రబ్ మెనూ నడుస్తుంది. మనం ఎంచుకున్న అసలు కెర్నెల్‌ని అది కెఎక్సెక్‌తో లేపుతుంది. మెనూ చూపించడానికి ఒక లినక్స్, పని చేయడానికి ఇంకో లినక్స్ అన్నమాట! 2019 నాటి రెడ్ హ్యాట్ 8 నుంచి ఒక్కో కెర్నెల్‌కి ఒక్కో చిన్న ఎంట్రీ ఫైలు వచ్చింది. అయినా కెర్నెల్ పారామీటర్ మారిస్తే చివర్లో జెడ్‌ఐపీఎల్ నడపమని మెయిన్‌ఫ్రేమ్ కోసం ప్రత్యేకంగా ఒక లైను డాక్యుమెంటేషన్లో ఉంటూనే ఉంది. పైన ఎన్ని అంతస్తులు కట్టినా పునాదిలో ఆ 24 బైట్లు కదల్లేదు.

మరి లేవకపోతే? ఇక్కడే మన ఊహా కార్డులు ఆదుకుంటాయి. మెనూలో పాత కెర్నెల్ ఉంటే అదృష్టం. కన్సోల్ నుంచి ఐపీఎల్ కమాండ్‌కి లోడ్‌పార్మ్ అని దాని నంబర్ ఇస్తే సరిపోతుంది. అదీ పోతే, ఇంకో వర్చువల్ మెషీన్ నుంచి ఈ డిస్కుని లింక్ చేసుకుని, మౌంట్ చేసి, చ్‌రూట్‌తో లోపలికి దూరి జెడ్‌ఐపీఎల్ నడపొచ్చు. ఏదీ కుదరకపోతే ఇన్‌స్టలేషన్ కెర్నెల్‌ని, పారామీటర్ ఫైలుని, ఇనిట్‌ఆర్‌డీని వరసగా వర్చువల్ పంచ్‌లో కార్డులుగా కొట్టి, వర్చువల్ రీడర్లో పెట్టి, "ఐపీఎల్ 00సి" అనాలి. ఈ శతాబ్దపు కెర్నెల్ ఎనభై కాలమ్ల కార్డుల కట్టగా మారి మెమరీలోకి ఎక్కుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత గౌరవం కలిగింది. డిస్కు మీద ఏమీ మిగలకపోయినా లేచే దారి ఒకటుండాలని ఎప్పుడో అనుకున్నవాళ్ళ పుణ్యం అది.

మన టీముల్లో ఈ పని చేసేది ఎక్కువగా అమెరికా శనివారం రాత్రి, అంటే మనకి ఆదివారం పొద్దున. ఇంట్లో టిఫిన్‌కి పిలుస్తుంటే మనం చేంజ్ విండోలో ఉంటాం. ఆ హడావిడిలో నేను పాటించే వరస ఇది. ముందు బూట్ పార్టిషన్లో చోటుందో లేదో చూడాలి. డిస్కు కాపీ ఒకటి తీసిపెట్టాలి, ఫ్లాష్‌కాపీ ఉంటే అది పెద్ద పనేం కాదు. ప్యాచ్ వేసేముందే ఒకసారి ఐపీఎల్ చేసి, ఉన్న సిస్టమ్ సవ్యంగా లేస్తోందని తేల్చుకోవాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పాత రోగం, కొత్త రోగం కలిసిపోతే తెల్లవార్లూ మన గతి అంతే. రూట్ ఫైల్‌సిస్టమ్‌లోకి ఈ మధ్య కొత్త డిస్కు చేర్చి ఉంటే, దాని అడ్రసు బూట్ పారామీటర్లలో ఉందో లేదో చూసుకోవాలి. అప్పుడు కొత్త కెర్నెల్ పాతదాని పక్కన వేయాలి. స్క్రిప్టు నడిపిందని చెప్పినా సరే జెడ్‌ఐపీఎల్ మన చేత్తో ఇంకోసారి నడిపి, అది చెప్పేది కళ్ళతో చదవాలి. రెండోసారి నడిపినంత మాత్రాన పోయేదేం లేదు. ఐపీఎల్ అయ్యాక యూనేమ్ చూడాలి. పాత కెర్నెల్‌ని కొత్తది కొన్నాళ్ళు బరువు మోసిన తర్వాతే తీయాలి.

ఆటోమేషన్ వద్దనే చాదస్తం నాకు లేదు. వందల సర్వర్లకి చేత్తో చేయడం కుదిరే పని కాదు. కాకపోతే ఆటోమేషన్ రాసేవాడికి చీటీ సంగతి తెలిసుండాలి. తెలిసినవాడు స్క్రిప్టు చివర యూనేమ్ చెకింగ్ పెడతాడు. తెలియనివాడు ప్యాకేజీ పడిందని పచ్చ రంగు పూసి ఇంటికెళ్తాడు. ఈ యంత్రాలు తెలిసిన తరం ఒక్కొక్కరుగా రిటైరవుతోంది. ఇరవై ఏళ్ళుగా వాళ్ళు నోటిమాటగా చెప్పుకొచ్చినవి స్క్రిప్టుల్లోకి ఎక్కుతున్నాయి, ఆ స్క్రిప్టుల వెనక కారణాలు మాత్రం ఎక్కడా ఎక్కట్లేదు. మీ టీములో అలాంటి పెద్దాయన ఒకరుంటే, ఆయన వీడ్కోలు కేకు కోసేలోపే ఓ కప్పు టీ ఇప్పించి ఒక్కొక్క లైనూ ఎందుకుందో అడిగి రాసుకోండి.